ఎండలకి నాయనకి గుండె దడ, నీళ్ళు ఎంత ఇవ్వాలి?

అందరికీ నమస్కారం, మాది తిరుపతి. మా నాయనకి 72 ఏండ్లు, గుండె వీక్‌గా ఉందని బీపీ మాత్రతో పాటు ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వాడతా ఉండాడు. ఎండలు 42 డిగ్రీలకి వచ్చినప్పట్నించి మధ్యాహ్నమైతే దడ, లేస్తే కళ్ళు తిరగడం, బీపీ చూస్తే 100/60. వేడికి చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పయి బీపీ తగ్గుతుందని, గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుందని, వయసైతే దాహం కూడా సరిగ్గా తెలీదని చదివినా, నిజమే, మేం ఇస్తే తప్ప నీళ్ళు తాగడు. కానీ రోజుకి లీటరున్నర దాటొద్దని డాక్టర్ చలికాలంలో చెప్పినాడు, ఇప్పుడూ అంతేనా? ఉప్పేసిన మజ్జిగ ఇవ్వొచ్చా? మాత్ర మా అంతట మేం ఆపాలంటే భయం, అపాయింట్‌మెంట్ సోమవారానికి ఇచ్చినారు. ఇంట్లో ఇట్లాంటి పెద్దోళ్ళు ఉన్నోళ్ళు ఎట్లా చూసుకుంటా ఉండారు, ఏం కనిపిస్తే సోమవారం దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలో దయచేసి చెప్పండి.