మత్తు డాక్టర్ ఫీజు 12,000 అయితే ఇన్సూరెన్స్ 9,000 ఎందుకిచ్చింది?

నకిరేకల్ తమ్ముడు:
అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. పాలసీ 3 లక్షలది, క్యాష్‌లెస్. డిశ్చార్జి రోజు మేం కట్టాల్సింది దాదాపు 27 వేలు అన్నారు. కాగితం చూస్తే అనెస్తీషియా ఫీజు 12,000కు 9,000 మాత్రమే పాస్ చేశారు. మత్తు డాక్టర్‌కు కూడా పాలసీలో లిమిట్ ఉంటుందా?

కోదాడ అకౌంటెంట్:
రూం రెంట్ లిమిట్ చూడు తమ్మీ. గొడవంతా అక్కడే ఉండొచ్చు.

నకిరేకల్ తమ్ముడు:
రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 3,000 అని ఉంది అన్నా. మాకిచ్చిన రూం 4,000ది. తక్కువ రేటువి ఖాళీ లేవన్నారు.

కోదాడ అకౌంటెంట్:
అదే. రూం లిమిట్ దాటితే అదే నిష్పత్తిలో మిగతా ఖర్చులకూ కోత పెడతారు. 4,000లో 3,000 అంటే 75 శాతం. రూం రెంట్ ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీ అన్నీ 75 శాతానికి కోశారు. 12,000లో 75 శాతం సరిగ్గా 9,000. సర్జన్ లైన్ కూడా చూడు, అదే లెక్క వస్తుంది.

కానీ 2020లో ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, రూల్స్ పెట్టింది. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించదు. ఇంకోటి చాలామందికి తెలియదు: రూం మారినా రేటు మారని ఖర్చుకు కూడా కోత పెట్టకూడదు. ఆ ఆసుపత్రిలో జనరల్ వార్డు పేషెంట్‌కైనా, ఏసీ రూం వాళ్లకైనా మత్తు ఫీజు ఒకటే అయితే, ఆ మాట లెటర్‌హెడ్ మీద రాయించి కంపెనీకి పంపు.

పాలమూరు సిస్టర్:
థియేటర్‌లో పనిచేస్తాను కాబట్టి బిల్లు లోపల ఏముంటుందో చెబుతా. డాక్టర్ ఫీజు ఒక లైన్, మత్తు మందులు మరో లైన్. నడుముకు ఇచ్చే స్పైనల్ అయితే సూది, చిన్న ఆంపూల్ మందు, అంతే. పూర్తి మత్తు అయితే ప్రొపోఫాల్ అనే మత్తు ఇంజెక్షన్, గొంతులో వేసే ట్యూబు, సెవోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ వస్తాయి. గ్యాస్‌ను కొన్ని చోట్ల మిల్లీలీటర్ల లెక్కన, కొన్ని చోట్ల గంటల లెక్కన వేస్తారు. మందులు ఫార్మసీ బిల్లులోకి రావాలి. అన్నీ కలిపి 'అనెస్తీషియా ఛార్జెస్' అని ఒకే లైన్‌లో కొడితే మందులకు కూడా కోత పడుతుంది. విడగొట్టి ఇవ్వమని అడగండి, ఇవ్వాల్సిందే.

మన జిల్లాల్లో చిన్న దవాఖానల్లో మత్తు డాక్టర్లు పిలిస్తే వచ్చేవాళ్లే ఎక్కువ. ఫీజు చేతికి తీసుకుని తెల్ల కాగితం రాసిస్తే క్లెయిమ్‌లో చెల్లడం కష్టం. ఆసుపత్రి బిల్లులోనే వేయించుకోండి. కుదరకపోతే నంబరున్న రసీదు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

దేవరకొండ రైతుబిడ్డ:
మా బాపుకు ఆరోగ్యశ్రీలో చేయించినప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టర్ బయటి నుంచి వస్తాడని 5,000 విడిగా అడిగారు. అప్పటికే బాపును థియేటర్ బట్టల్లో కూర్చోబెట్టారు. ఆ టైంలో ఎవరు కొట్లాడతారు? కట్టేశాం.

పాలమూరు సిస్టర్:
ఇది వింటే కడుపు మండుతుంది అన్నా. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో మత్తు ఫీజు కూడా కలిసే ఉంటుంది, పేషెంట్ రూపాయి కట్టనక్కర్లేదు. అక్కడున్న ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి.

నకిరేకల్ తమ్ముడు:
అప్‌డేట్. మందుల్లో కోసిన పైసలు వెనక్కి ఇస్తామని కంపెనీ మెయిల్ పెట్టింది. మత్తు ఫీజు సంగతి తేల్చలేదు. ఆసుపత్రి లెటర్ నిన్ననే పంపాను.

కోదాడ అకౌంటెంట్:
30 రోజులు చూడు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారికి, రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మిర్యాలగూడ అక్క:
అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది, రేపు ఎస్టిమేట్‌కు పోతున్నాం. ఏం అడగాలి?

కోదాడ అకౌంటెంట్:
ముందు మీ పాలసీలో రూం లిమిట్ చూసుకుని, ఆ లోపు రూమే రాయించండి అక్కా. మత్తు డాక్టర్ ఫీజు ఎస్టిమేట్‌లో ఉందా, రూంను బట్టి మారుతుందా అడగండి. మత్తుకు ముందు చేసే చెకప్, ఈసీజీ, రక్త పరీక్షల బిల్లులు పారేయకండి. అడ్మిషన్‌కు ముందు 30 రోజుల ఖర్చు చాలా పాలసీల్లో వస్తుంది.