అప్‌డేట్: ఈగిల్ బోర్డు కైక్యాడ్‌లో తెరుచుకుంది

బరంపురంలో ఉన్న మా బావ ఈగిల్ (Eagle) అనే సర్క్యూట్ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన పంపు కంట్రోలర్ బోర్డును రాయగడలో నా దగ్గరున్న, అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ అయిన కైక్యాడ్ (KiCad)లో ఎలా తెరిచి మార్చుకోవాలని ఇంతకు ముందు అడిగాను, పని అయింది. ఆయన మొదట పంపినవి గెర్బర్ ఫైళ్లు, అవి బోర్డు తయారీకే తప్ప సర్క్యూట్‌ను మార్చుకోవడానికి పనికిరావు. తరువాత ఒకే పేరున్న ఈగిల్ స్కీమాటిక్ (సర్క్యూట్ చిత్రం), బోర్డు ఫైళ్లను ఒకే ఫోల్డరులో పెట్టి, ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ ద్వారా తీసుకున్నాను. ఈగిల్ 6 నుంచి ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్ (ఇతర సాఫ్ట్‌వేర్లూ చదవగల పాఠ్యం) రూపంలో ఉంటాయి కనుకనే ఇది సాధ్యమైంది.

గ్రౌండ్ రాగి పొర మాత్రం లోపల ఖాళీగా, అంచు గీతగానే కనిపించి గుండె జారింది; 'బి' మీట నొక్కగానే నిండింది. డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ)లో రిలే (విద్యుత్‌తో పనిచేసే స్విచ్) కాళ్ల దగ్గర ఎడం చాలదని తేలింది, దాన్ని చేత్తో సరిచేశాను. కైక్యాడ్ తిరిగి ఈగిల్ ఫైలుగా భద్రపరచదు కాబట్టి, బావ కూడా కైక్యాడ్‌కే, అదీ ఒకరి ఫైళ్లు మరొకరికి తెరుచుకునేలా నా వెర్షన్‌కే, మారుతున్నారు.