గిఫ్ట్ డీడ్‌లో 'మమ్మల్ని చూసుకోవాలి' అని షరతు రాయించినవాళ్లు ఉన్నారా?

మాది అనంతపురం దగ్గర పల్లె. నాకు 64 ఏళ్లు. ఒక ఇల్లు, కొంచెం మెట్ట చేను ఉన్నాయి. చేనంతా వేరుశనగే, వాన పడితే పంట, లేకుంటే పశువులకు మేత. కొడుకు బెంగళూరులో ఉంటాడు, కూతురిని కర్నూలుకిచ్చాం. ఇప్పుడే ఇద్దరికీ రాసేస్తే తర్వాత గొడవలుండవని నా ఆలోచన.

డాక్యుమెంట్ రైటర్ మాత్రం ఊరికే రాయొద్దన్నాడు. 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, మమ్మల్ని పోషించాలన్న షరతు పత్రంలో ఉంటే, రేపు వాళ్లు చూడకపోతే ట్రిబ్యునల్‌లో రద్దు కోరొచ్చట. షరతు లేకపోతే కష్టమేనట. వీలునామా అయితే బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు, అదీ తెలుసు.

నా టెన్షన్ చట్టం గురించి కాదు. మా నాయన నాకు చేను అప్పజెప్పినప్పుడు పాసుపుస్తకం ముందర పెట్టి "ఇంక నువ్వే చూసుకో" అన్నాడు, అంతే. ఆయన పోయేదాకా సంగటి ముద్ద ఆయన తట్టలో పడ్డాకే మేం తినేవాళ్లం. ఇప్పుడు నేను కొడుకుతో "అన్నం పెడతానని సంతకం పెట్టు" అంటే వాడి ముఖం ఎట్లుంటుందో! మా ఆవిడకు ఈ మొహమాటం లేదు. "మంచోడైతే ఆ ముక్క వల్ల వాడికి పోయేదేముంది?" అని విత్తనం కాయలు ఒలుస్తూనే తేల్చేసింది.

ఇట్లా రాయించినవాళ్లుంటే చెప్పండి. పిల్లల దగ్గర ఈ మాట ఎట్లా ఎత్తారు? అల్లుడు, కోడలు ఉన్నప్పుడా, లేనప్పుడా? లేక వీలునామాతో సరిపెట్టుకోవడమే మేలా?