కాగితం మీద నవ్వొచ్చిన జోకు మైకులో ఎందుకు చప్పబడుతుంది?

కొత్తమైకు:
బెంగళూరు మారతహళ్ళిలో మన తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో 5 నిమిషాల కామెడీ. హాల్లో 200 కుర్చీలు, వచ్చేది 60 మంది. జోకు ఇది: "పది నెలల అడ్వాన్సు కట్టాక కొత్తింట్లో పెట్టడానికి తాళంచెవి తప్ప ఏ సామానూ మిగల్లేదండీ, అంత అడ్వాన్సు అడుగుతారు ఈ ఊళ్లో!" రిహార్సల్లో తేలిపోయింది. లోపం ఎక్కడ?

పంచ్‌పులుసు:
నవ్వు పుట్టించే మాట ‘తాళంచెవి’. దాని తర్వాత ఇంకా తొమ్మిది మాటలున్నాయి! నవ్వబోయినవాళ్లు మీరింకా మాట్లాడుతున్నారని ఆగిపోతారు. తెలుగులో క్రియ చివరికి పోతుంది కాబట్టి ఈ తిప్పలు తరచూ వచ్చేవే. వాక్యాన్ని తిరగెయ్యండి: "అడ్వాన్సు కట్టాక కొత్తింట్లో పెట్టడానికి నా దగ్గర మిగిలిన సామాను... తాళంచెవి." ‘సామాను’ అనగానే మంచమో బీరువానో ఊహించుకుంటారు. అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎక్కువ ఆగితే పసిగట్టేస్తారు. క్రియలోనే నవ్వుంటే ఈ తిప్పుడు అక్కర్లేదు, మన భాషే దాన్ని చివర పెట్టి ఇస్తుంది.

బీటీఎం బాబాయ్:
జోకు సంగతి తర్వాత, ముందు కుర్చీలు చూడండి. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ మామూలు కబుర్లలో జనం నవ్విన 1,200 సందర్భాలు రాసుకుని చూస్తే, జోకులాంటి మాటకు వచ్చిన నవ్వు 20 శాతం లోపే. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో 30 రెట్లు ఎక్కువ నవ్వుతామనీ తేల్చాడు. అరవై మంది 200 కుర్చీల్లో చెల్లాచెదురైతే ఎవరి నవ్వు వాళ్ల దగ్గరే ఆరిపోతుంది. ముందు వరసల్లో 70 ఉంచి మిగతావి జనం రాకముందే ఒకదాని మీద ఒకటి పేర్చేయండి. కూర్చున్నాక ముందుకు రమ్మంటే ఎవరూ కదలరు.

సీమపిల్ల:
ఇద్దరూ చెప్పింది సరే, ఒక్క తకరారు. బెంగళూరు హాలంటే అనంతపురం, చిత్తూరు వాళ్లు బాగానే ఉంటారు. అక్కడ చాలామందికి అది బీగంచెవి. తాళంచెవి అర్థం కాక కాదు, అర క్షణం ఆలస్యమవుతుంది, నవ్వు ముక్కలు ముక్కలుగా వస్తుంది. "మిగిలిన సామాను..." అని జేబులోంచి తీసి చూపించండి, మాటే వద్దు. వెనకవాళ్లకు కనబడేలా ఎర్ర రిబ్బను కట్టండి. ముందే జేబులో గలగలలాడిందా, జోకు పోయినట్టే. ఇంకోటి, నష్టపోయింది మీరే కాబట్టి జనం హాయిగా నవ్వుతారు. ఓనరు యాస మీదికి పోయారా, హాలు బిగుసుకుంటుంది.

కొత్తమైకు:
అప్పటికీ నవ్వకపోతే?

పంచ్‌పులుసు:
వివరించొద్దు. "అర్థమైందా?" అనీ అడగొద్దు. వెంటనే తర్వాతి జోకు ఎత్తుకోండి. నవ్వు వస్తే మాత్రం మధ్యలో నోరు తెరవకండి, అలాగని పూర్తిగా ఆగేదాకా చూడొద్దు. తగ్గుముఖం పట్టగానే అందుకోండి.