ఎల్‌జీబీటీక్యూ సెంటర్‌లో వాలంటీరింగ్: శనివారం వెళ్ళి పని చేయడం మేలా, ఆ డబ్బు ఇచ్చేయడం మేలా?

తార్నాక బస్టాప్

ఆఫీసులో మొదలైన వాదన, అక్కడ తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. కొంతకాలంగా నేను శనివారాలు సిటీలో ఒక ఎల్‌జీబీటీక్యూ కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్ళి కాగితాల పని చేసిపెడుతున్నా. నేను క్వీర్ కాదు, అంటే ఎల్‌జీబీటీక్యూ మనిషిని కాదు, ఆ సంగతి ముందే చెప్తున్నా. మా టీమ్‌లో ఒకాయన అన్నాడు: "నీ గంట జీతం ఎంతో లెక్కేసుకో. ఆ డబ్బు సెంటర్‌కి ఇస్తే వాళ్ళలోనే ఒకరికి ఉద్యోగం వస్తుంది. నువ్వు వెళ్ళేది నీ తృప్తి కోసం."

ఆయన మాటకు గట్టి ఆధారమే ఉంది. నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ వాళ్ళ కోసమే పెట్టిన క్లినిక్ దేశంలో అదే మొదటిది. హార్మోన్ చికిత్స, హెచ్‌ఐవీ పరీక్షలు, కౌన్సెలింగ్ అన్నీ ఒక్కచోటే. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే మూతపడింది. సాయం చేద్దామనుకున్నవాళ్ళకు కొదవలేదు. కానీ శనివారం వచ్చే వాలంటీర్లు ల్యాబ్ నడపలేరు, అద్దె కట్టలేరు. టాటా ట్రస్ట్స్ ముందుకొచ్చాకే అది సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది.

ఇంత తెలిసినా నేను ఆయనతో ఏకీభవించను. ఎందుకో ఒక్క కేసు చెప్తా, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఒక ట్రాన్స్ మహిళ చిన్నప్పుడే ఇల్లు వదిలి వచ్చేసింది. టెన్త్ మెమో ఇంట్లో బీరువాలో ఉండిపోయింది, అన్న ఇవ్వనంటున్నాడు. మెమో లేక ఉద్యోగం రావడం లేదు. డూప్లికేట్ మెమోకి చదివిన స్కూల్ హెచ్‌ఎం ద్వారానే అప్లై చేయాలి. అది జిల్లాలో ఒక బాలుర హైస్కూల్. చీర కట్టుకుని ఆ గేటులోకి ఒంటరిగా వెళ్ళలేనంది. నేను తోడు వెళ్ళా. హెచ్‌ఎం గారు పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు మీద వేలు పెట్టి ఆమెను చూశారు, మళ్ళీ పేరు చూశారు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అప్పటికే నలుగురు చేరారు. కాసేపటికి ఆయన అటెండర్‌ని పిలిచి కుర్చీ వేయించారు, సంతకం పెట్టారు. మెడలో కంపెనీ ఐడీ కార్డుతో నేను పక్కన ఉండబట్టే అక్కడ ఎగతాళి మొదలవలేదని నా నమ్మకం. ఇది చెక్కు రాసిస్తే జరిగే పనా?

పాతబస్తీ అక్క

తమ్ముడూ, నువ్వు మంచివాడివే, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ నీ ఉదాహరణలోనే నా బాధ ఉంది. గౌరవం దక్కింది నీ మెడలో ఉన్న కార్డుకి, ఆ పిల్లకి కాదు. ఆ కార్డు ఆమె మెడలో ఉంటే నువ్వు వెళ్ళాల్సిన పనే లేదు.

నేను ట్రాన్స్ మహిళని. ఏళ్ళ తరబడి హెచ్‌ఐవీ ప్రాజెక్టుల్లో ఔట్‌రీచ్ పని చేశాను. మా వాళ్ళకి ఇచ్చేది జీతం కూడా కాదు, "గౌరవ వేతనం". పేరులోనే గౌరవం, చేతికొచ్చేది బస్సు ఛార్జీలకు, టీకి సరి. రాత్రి పార్కుల దగ్గర తిరిగేది మేము, పోలీసులు పట్టుకుంటే స్టేషన్‌కి పరుగెత్తేది మేము. అలాంటిచోటికి చదువుకున్నవాళ్ళు ఉచితంగా వస్తే డబ్బులిచ్చే సంస్థ ఏమంటుంది? "డేటా ఎంట్రీకి, కాగితాలకి వాలంటీర్లు ఉన్నారుగా, ఆ పోస్టు ఎందుకు?" అంటుంది. ఆ పోస్టుకి సరిపోయే మా పిల్ల సిగ్నల్ దగ్గర చేయి చాపుతుంది. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ డ్యూటీలోకి ట్రాన్స్ వాళ్ళని తీసుకున్నారు. అదే సిగ్నల్ దగ్గర ఇప్పుడు యూనిఫాంలో నిలబడుతున్నారు. మా ఇళ్ళల్లో దాని విలువ ఏమిటో మాటల్లో చెప్పలేను.

ఇంకోటి. వచ్చేవాళ్ళంతా నీలాంటివాళ్ళు కాదు. జూన్ వస్తే, అంటే మా ప్రైడ్ నెలలో, కంపెనీ టీషర్టులేసుకుని వస్తారు, ఫోటోలు దిగుతారు. పరిచయమైన ఐదు నిమిషాలకే "ఆపరేషన్ అయిందా?" అని అడుగుతారు. ఒకసారి ఒక వాలంటీర్ మాల్‌లో మా కమ్యూనిటీ అబ్బాయి ఒకడిని చూసి, "సెంటర్‌లో కలిశాం కదా!" అని పలకరించాడు. పక్కన ఆ అబ్బాయి మేనమామ ఉన్నాడు. ఆ తర్వాత ఆ పిల్లాడు చాలాకాలం మాకు కనబడలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు.

ఎడిసన్ అమ్మ

నమస్తే అండి. న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి గే. అక్క గారు చెప్పిన జీతాల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ చరిత్ర ఇంకోవైపు కూడా చూపిస్తుంది.

1982లో న్యూయార్క్‌లో జీఎంహెచ్‌సీ అనే సంస్థ మొదలైనప్పుడు ఎయిడ్స్‌కి కారణమైన వైరస్ ఏదో కూడా ఇంకా తెలియదు. ఆస్పత్రుల్లో కొందరు సిబ్బంది భోజనం ట్రే గది బయటే పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు రోగికి తోడుగా ఒక "బడ్డీ"ని పంపారు. వంట చేసిపెట్టడం, బట్టలుతకడం, కుక్కని తిప్పుకురావడం, చివరిదాకా పక్కన కూర్చోవడం. అంతా వాలంటీర్లే. గ్రాంట్లు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ మనుషులు ఒంటరిగా పోయేవాళ్ళు. గ్రాంట్లు శాశ్వతం కూడా కాదండి. ఇక్కడ 988 అనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌లో ఎల్‌జీబీటీక్యూ పిల్లలకని ఉన్న ప్రత్యేక లైన్‌ని 2025 జూలైలో ప్రభుత్వమే ఆపేసింది.

నేను చేసేది చిన్న పని. తెలుగు తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడతాను. గుంటూరు నుంచో, డాలస్ నుంచో ఒక అమ్మ ఫోన్ చేసి మొదట అడిగేది దాదాపు ఒకటే: "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడా?" కౌన్సెలర్ చెప్తే వినరు, "వాళ్ళ పనే అది" అంటారు. నేను "మా ఇంట్లోనూ ఇదే జరిగిందమ్మా" అన్నాక గొంతు మారుతుంది. ట్రీట్‌మెంట్‌తో మార్చేస్తామని డబ్బులు గుంజే డాక్టర్లు ఉంటారు. అలా మార్చే ప్రయత్నం వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ప్రకటించిందని చెప్తాను. చాలామందికి ఆ సంగతే తెలియదు. నేను జీతం తీసుకుంటే ఆ మాటకి ఇంత బలం ఉంటుందా అని నా అనుమానం.

రిటైర్డ్ మాస్టారు

ఎవరినీ నొప్పించాలని కాదు. నా సందేహం సూటిగా అడుగుతాను. అనాథాశ్రమాలున్నాయి, వృద్ధాశ్రమాలున్నాయి. యువతకి సేవ చేయాలని ఉంటే అక్కడికి వెళ్ళొచ్చు కదా? ఈ సెంటర్లు, ఈ మాటలు అన్నీ విదేశీ డబ్బుతో వచ్చినవే అనిపిస్తుంది. ఆ డబ్బు ఆగగానే క్లినిక్ మూతపడిందని మీరే రాశారు.

పాతబస్తీ అక్క

మాస్టారూ, మర్యాదగా అడిగారు, మర్యాదగానే చెప్తాను. మేము విదేశీ డబ్బుతో రాలేదు. నిజాం కాలంలో, 1919లోనే, మా మీద ఒక చట్టం ఉండేది. పోలీసులు మా పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవాలి, ఆడ బట్టల్లో బయట కనబడితే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లోనే ఉంది. లేనివాళ్ళ మీద చట్టం చేయరు కదండీ.

ఇక అనాథాశ్రమం, వృద్ధాశ్రమం అన్నారు. ఇంట్లోంచి గెంటేసిన మా పదిహేనేళ్ళ పిల్లని ఏ హాస్టల్‌లో పెట్టుకుంటారు, అబ్బాయిల వైపా, అమ్మాయిల వైపా? మమ్మల్ని చేరదీసి, ముసలైపోయిన మా గురువుల్ని ఏ వృద్ధాశ్రమం తీసుకుంటుంది? నేను తిరిగాను. మీకు తెలిసినచోటు ఒక్కటుంటే చెప్పండి, రేపే వెళ్తాను.

గోదావరి గట్టు

మా ఊళ్ళో సెంటరే లేదు. అందుకని నాకు ఈ వాదన కొంచెం దూరంగా కనిపిస్తోంది. ఇంట్లో నా సంగతి ఎవరికీ తెలియదు. హైదరాబాద్ పనిమీద వచ్చినప్పుడు ఒక సెంటర్‌కి వెళ్ళా. మెట్ల దగ్గరే గుండె దడ. లోపల ఒకాయన టీ ఇచ్చి, పేరు అడగకుండా, "చెప్పులు అక్కడ వదలండి, ఫ్యాన్ కింద కూర్చోండి" అన్నాడు. అంతే. అలా ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో.

ఆయనకి జీతం ఉందా లేదా నాకు తెలియదు. కానీ ఆఫీసు ఐడీ కార్డులతో నలుగురు కనబడి ఉంటే నేను మెట్ల మీంచే వెనక్కి తిరిగేవాణ్ణి, ఎంత మంచివాళ్ళయినా సరే. వాలంటీర్లు ముందు గదిలో ఉండకూడదు, అక్కడ మా వాళ్ళే ఉండాలి.

తార్నాక బస్టాప్

గట్టు గారూ, ఈ మాట నాకెవరూ చెప్పలేదు. సెంటర్‌లో అడుగుతా, కాగితాల టేబుల్ లోపలి గదికి మార్చడం కష్టమేం కాదు. అక్కా, జీతం రావాల్సిన సీట్లో వాలంటీర్ కూర్చోకూడదన్న మాట ఒప్పుకుంటున్నా. కొత్తవాళ్ళకి మొదటిరోజే నేర్పాల్సింది నోరు కట్టుకోవడం. బయట కనబడితే వాళ్ళు పలకరిస్తేనే పలకరించాలి. డబ్బు కూడా ఇస్తాను, ఒకటి చేస్తే రెండోది మానేయాలని ఎక్కడుంది?

కానీ ఒక్క విషయంలో మాత్రం బయటివాళ్ళే కావాలి, ఎంత జీతమిచ్చినా కమ్యూనిటీ వాళ్ళు చేయలేరు. రక్తం. 2017 రక్తదాన మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్ వాళ్ళు, గే పురుషులు రక్తం ఇవ్వకూడదు. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో కేసు కూడా పడింది. ఈలోపు సర్జరీకో, యాక్సిడెంట్ కేసుకో హాస్పిటల్ వాళ్ళు "డోనర్లని తెచ్చుకోండి" అంటారు. ఇంటివాళ్ళు రారు, స్నేహితులంతా ఇవ్వకూడనివాళ్ళే. అర్ధరాత్రి ఎవరిని పిలవాలి?

పాతబస్తీ అక్క

ఇదొక్కటి కాదనలేను. పోయినేడు మా చెల్లి ఆపరేషన్‌కి నేను బ్లడ్ బ్యాంక్ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే కాలేజీ పిల్లల్ని బతిమాలాను. ఒకమ్మాయి ఇచ్చింది. మీరు లిస్టు పెట్టండి, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ ఏరియా. సెంటర్‌లోనే ఉంచండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

కాగితాల పని సంగతి మాత్రం నా మాట మారదు. ఈ శనివారం మా పిల్లని ఒకదాన్ని పంపిస్తా, ఇంటర్ చదివింది, టైపింగ్ వచ్చు. ఆ కాగితాల పని దానికి నేర్పు. నేర్చుకున్నాక ఆ పనికి జీతం ఇవ్వమని సెంటర్ వాళ్ళని నువ్వే అడగాలి. నా మాట కంటే నీ మాట ముందు వింటారు.

తార్నాక బస్టాప్

పంపండక్కా. పది గంటలకి అక్కడుంటా. జీతం సంగతి ఎస్టిమేట్ వేసి కాగితం మీద పెట్టే అడుగుతా, మొదటి కొన్ని నెలలది మా టీమ్ నుంచి వసూలు చేస్తా. ఈ వాదన మొదలుపెట్టినాయన దగ్గరే మొదలుపెడతా.