పి0011 కోడు, వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో వణుకు: వీవీటీ గేరు మార్చాల్సిందేనా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. ఇన్‌టేక్ వైపు (గాలి లోపలికి వచ్చే వాల్వుల వైపు) మాత్రమే వీవీటీ, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు, ఉంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను కాబట్టి పాత సర్వీసు వివరాలు నా దగ్గర లేవు. కొంతకాలంగా ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది కూడా. వేగం అందుకున్న తరువాత మాత్రం ఏ ఇబ్బందీ కనిపించదు. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ ముందువైపు నుంచి ఒకటి రెండు క్షణాలు కటకటమని శబ్దం వచ్చి ఆగుతుంది. స్కానర్ పెడితే పి0011 ఒక్కటే చూపించింది, చెరిపేసినా మళ్లీ వస్తోంది.

వీవీటీ గేరు (క్యామ్‌షాఫ్ట్ చివర ఉండి దాని కోణాన్ని మార్చే పళ్లచక్రం), టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అన్నీ కలిపి మార్చాలని, అందుకు ముందు కవరు విప్పాలని మెకానిక్ గారు అంటున్నారు. మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉన్నా, మా ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదని ఈమధ్యే 20డబ్ల్యూ-50 పోశారు. అంత ఖర్చుకు దిగే ముందు చేయించదగిన పరీక్షలు ఏమైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు (హైదరాబాద్, ఇంజన్ పని చేసేవారు)

నమస్కారమండీ. పి0011 అంటే ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (ఆ వాల్వులను తెరిచే ఇరుసు) ఉండవలసిన కోణం కన్నా ముందుకు జరిగి అక్కడే ఉండిపోయిందని ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) గమనించిందని అర్థం. ఏ భాగం పాడైందో ఆ కోడు చెప్పదు, కాబట్టి దాన్ని చూసి గేరు కొనడం సరైన పద్ధతి కాదు. మీరు చెప్పిన లక్షణాలు మాత్రం కోడుతో సరిగ్గా సరిపోతున్నాయి: ఐడ్లింగ్‌లో క్యామ్ పూర్తిగా వెనక్కి వచ్చి ఉండాలి, అలా రాకపోతే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు ఎక్కువ సేపు ఒకేసారి తెరుచుకుని ఉండి, కాలిపోయిన వాయువు కొంత సిలిండర్లోకి తిరిగి వచ్చి ఇంజన్ వణుకుతుంది. వేగంలో అదే ముందస్తు కోణం పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఈ వ్యవస్థను నడిపించేది ఇంజన్ ఆయిలే. ఈసీయూ పంపే కరెంటుకు తగినట్టు ఆయిల్ కంట్రోల్ వాల్వులోని స్పూల్ (లోపల జరిగే చిన్న కడ్డీ) జరిగి, గేరు లోపలి గదుల్లోకి ఒకవైపు ఆయిల్ పంపి రెండోవైపు వదిలేస్తుంది. ఆ దారులు చాలా సన్ననివి. అందుకే మొదట ఆయిల్ మట్టం, రంగు, గ్రేడు చూడాలి. ఆయిల్ పోసే మూత తీసి దాని అడుగున నల్లటి మడ్డి పేరుకుందేమో చూడండి. చిక్కటి ఆయిల్ వల్ల క్యామ్ కదలిక మందగిస్తుంది, కానీ అది ఒక్కటే మీ వణుకుకు కారణమని నేను అనుకోవడం లేదు. నాకు అనుమానం ఆ ఆయిల్ కంట్రోల్ వాల్వు మీదే.

ఇంజన్ వేడిగా ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆ వాల్వు కప్లర్ (వైరు ప్లగ్గు) ఊడదీసి చూడండి. మంచి వ్యవస్థలో పెద్ద తేడా రాదు. ఊడదీయగానే వణుకు పోతే ఈసీయూ ఆదేశం వైపో, వైరింగు వైపో వెతకాలి (మన దగ్గర ఎలుకలు కొరికిన వైర్లు చాలా చూస్తాం కాబట్టి ఇది తీసిపారేయవలసిన విషయం కాదు). ఊడదీసినా వణుకు అలాగే ఉంటే వాల్వో, గేరో ముందుకు జరిగి ఇరుక్కుందని అర్థం. ఈ పరీక్షతో పి0010 కోడు (ఆ వాల్వు సర్క్యూట్ లోపం) కొత్తగా పడుతుంది, తరువాత చెరిపేయవచ్చు.

ఆపైన వాల్వు విప్పించండి. చాలా ఇంజన్లలో అది ఒకే బోల్టుతో పైనే ఉంటుంది. మల్టీమీటరుతో రెండు పిన్నుల మధ్య ఓములు చూడాలి. ఉదాహరణకు చాలా టొయోటా వీవీటీ-ఐ ఇంజన్లకు 20 డిగ్రీల వద్ద 6.9 నుంచి 7.9 ఓములు ఉండాలి, మీ కారు విలువ మాన్యువల్‌లో దొరుకుతుంది. తరువాత బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఒక్క క్షణం ఇస్తే పక్క రంధ్రంలోంచి చూస్తుండగానే స్పూల్ టక్కున జరగాలి, తీయగానే అంతే చురుగ్గా వెనక్కి రావాలి. మీ సమస్యకు అసలు పరీక్ష ఆ వెనక్కి రావడమే. కరెంటు ఎక్కువ సేపు ఇస్తే కాయిల్ కాలిపోతుంది, జాగ్రత్త.

జవాబు (విజయవాడ నుంచి)

పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ ఉదయపు శబ్దాన్ని పక్కన పెట్టకూడదు. ఇంజన్ ఆగినప్పుడు గేరు లోపలి రెక్కలు వెనక్కి వచ్చి ఒక చిన్న లాక్ పిన్నుతో బిగుసుకుంటాయి. ఆ పిన్ను గానీ అది కూర్చునే గుంట గానీ అరిగితే, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా రెక్కలు గోడలకు కొట్టుకుంటూ మీరు విన్న శబ్దమే చేస్తాయి. ఆ లెక్కన మీ మెకానిక్ గారి మాటలో కొంత నిజం ఉండవచ్చు. అయితే ఆయిల్ ఫిల్టరులోని రబ్బరు వాల్వు నాసిరకమైతే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి ఇదే శబ్దం వస్తుంది; చైన్ టెన్షనర్‌లో ప్రెషర్ నిలవకపోయినా అంతే. పి0016 (క్రాంక్, క్యామ్‌షాఫ్ట్‌ల స్థానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదనే కోడు) పడలేదు కాబట్టి చైన్ పళ్లు దాటి ఉండదని నా అంచనా.

ఒక మనవి: మడ్డి ఉందని ఇంజన్ ఫ్లష్ ద్రావణం పోయించకండి. ఒక్కసారిగా ఊడిన మడ్డి ఆయిల్ చాంబర్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జాలీకి అడ్డుపడితే ఇంజన్‌కే ప్రమాదం. సరైన గ్రేడు ఆయిల్ పోసి, కొన్నిసార్లు తక్కువ దూరానికే మారుస్తూ పోతే అదే మెల్లగా శుభ్రపడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కప్లర్ తీసినా వణుకు పోలేదు. వాల్వు విప్పితే దాని సన్నని జాలీ సగానికి పైగా నల్లటి పొరలతో మూసుకుని ఉంది. ఓములు సరిగానే ఉన్నాయి. 12 వోల్టులు ఇస్తే స్పూల్ జరిగింది గానీ వెనక్కి సగంలోనే ఆగిపోయింది. కార్బ్యురేటర్ క్లీనర్‌తో కడిగాక చురుగ్గా కదిలింది. కొత్త ఓ-రింగ్ వేసి బిగించి, 5డబ్ల్యూ-30 ఆయిల్, మంచి ఫిల్టరు వేయించాను. ఇప్పుడు ఐడ్లింగ్ నిలకడగా ఉంది, కోడు తిరిగి రాలేదు. ఉదయపు శబ్దం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

జవాబు (హైదరాబాద్)

చాలా సంతోషమండీ. స్పూల్ ఒకసారి ఇరుక్కుంది కాబట్టి దాని అంచులు గీసుకుపోయి ఉండవచ్చు. కోడు మళ్లీ వస్తే కడగకుండా కొత్త వాల్వే వేయండి, గేరుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. అందాకా ఆదేశించిన క్యామ్ కోణాన్నీ అసలు కోణాన్నీ పక్కపక్కన చూపగల స్కానర్‌తో ఒకసారి రోడ్డు మీద పరీక్ష చేయించండి. చవక బ్లూటూత్ పరికరాల్లో ఆ విలువలు తరచుగా కనిపించవు. రెండు అంకెలూ వెంటవెంటనే కలిసి నడిస్తే గేరు తన పని తాను చేస్తున్నట్టే.

మిగిలిన శబ్దం తదుపరి ఆయిల్ మార్పు దాకా పెరగకపోతే కవరు తెరవనవసరం లేదు. పెరిగితే తెరవండి, కానీ గేరు మార్చే ముందు లాక్ పిన్నును పరీక్షించమని అడగండి. క్యామ్‌షాఫ్ట్‌ను కదలకుండా పట్టుకుని గేరును చేత్తో తిప్పితే అది కదలకూడదు. ముందుకు జరిపే రంధ్రంలోకి గాలి ప్రెషర్ ఇచ్చినప్పుడు పిన్ను వదిలి, గేరు ఎక్కడా పట్టకుండా మెత్తగా తిరగాలి. లాక్ పడినా చేతికి ఆట తెలిస్తే మాత్రం గేరు మార్చవలసిందే, అప్పుడు చైన్, టెన్షనర్ కూడా కలిపి వేయించుకోవడం మంచిది.