ఉప్పుగాలిలో తిరిగే కారుకు ఏ వ్యాక్స్ వాడాలి, పాలిష్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న (శ్రీకాకుళం, ఉపాధ్యాయుడు):

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం పట్టణంలో ఉంటూ, గార మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. నా కారు ముదురు నీలం రంగుది. కొని నాలుగేళ్లు దాటింది. పగలంతా బడి ఆవరణలో ఎండలోనూ, రాత్రి ఇంటి ముందు మామిడిచెట్టు కిందా ఉంటుంది. దారిలో రైస్ మిల్లుల నుంచి ఎగిరే ఊక బూడిద పైన పడుతూనే ఉంటుంది. ఇప్పుడు బానెట్ మీద, పైకప్పు మీద మెరుపు బాగా తగ్గింది. ఎండలో పక్కనుంచి చూస్తే గుండ్రంగా తిరిగిన సన్నని గీతలు కనిపిస్తున్నాయి. వాటర్ సర్వీసింగ్ చేసేవారు నెలకొకసారి పాలిష్ పట్టించమంటున్నారు. ఒక దుకాణదారుడు కార్నౌబా వ్యాక్స్ చాలునన్నారు, మరొకరు సిరామిక్ కోటింగ్ తప్ప వేరే మార్గం లేదన్నారు. ఇంటి దగ్గర బోరు నీళ్లతోనే కడుగుతాను. వెనుక బంపరుకు కిందటి నెలలోనే కొత్తగా రంగు వేయించాను. వీటిలో ఏది కొనాలో, ఏ క్రమంలో వాడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (విజయనగరం, కార్ల పెయింటింగ్ షెడ్డు నిర్వాహకుడు):

మాస్టారూ, నమస్కారం. ముందుగా ఆ నెలనెలా పాలిష్ సలహాను పక్కన పెట్టండి. మీ కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద నీలం రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్ ఉంటాయి. ఎండను, ఆమ్లాలను, దుమ్మును ఎదుర్కొనేది ఆ పై పొరే. కంపెనీ నుంచి వచ్చే కార్లలో అది సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల మందమే ఉంటుంది. మన తల వెంట్రుక కూడా అంతకంటే లావుగా ఉంటుంది. పాలిష్‌లో సన్నని రాపిడి రేణువులు ఉంటాయి. అవి గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత లోతు వరకు అరగదీయడం వల్లనే గీత కనిపించకుండా పోతుంది. రబ్బింగ్ కాంపౌండ్ కూడా ఇదే పనిని మరింత మోటుగా చేస్తుంది. అందువల్ల పాలిష్ పట్టించిన ప్రతిసారీ ఆ పొర కొంత తరిగిపోతుంది, తరిగినది మళ్లీ రాదు. వ్యాక్స్ గాని, సీలెంట్ గాని దేనినీ అరగదీయకుండా పైన మరొక పలుచని పొరగా నిలిచి, ఎండావానలకు క్లియర్ కోట్ కంటే ముందు తానే కరిగిపోతుంది. కాబట్టి పాలిష్‌ను అవసరం పడినప్పుడు మాత్రమే, వ్యాక్స్‌ను క్రమం తప్పకుండా వాడాలి.

మీ కారుకు ప్రస్తుతం ఒకసారి తేలికపాటి పాలిష్ అవసరమనే నా అభిప్రాయం, ఎందుకంటే మీరు చెప్పిన గుండ్రటి గీతలు వ్యాక్స్‌తో పోవు, కొన్నాళ్లు కనిపించకుండా ఉంటాయి, అంతే. అయితే గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, దానిని పాలిష్‌తో తీసేయాలని పట్టుబట్టవద్దు. పాత కారు కొన్నవారు ఇంకొక పరీక్ష కూడా చేసుకోవాలి: ఎవరికీ కనిపించని మూల తెల్లని గుడ్డతో కొద్దిగా పాలిష్ రుద్దినప్పుడు గుడ్డకు కారు రంగు అంటితే దాని మీద క్లియర్ కోట్ లేదని అర్థం, అటువంటి కారును మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. దుకాణంలో పాలిష్ అని రాసి ఉన్న డబ్బాల్లో కొన్నింటిలో రాపిడి పదార్థం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు; వ్యాక్స్ అని రాసి ఉన్న కొన్నింటిలో శుభ్రపరిచే రేణువులు కలిసి ఉంటాయి. కనుక డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలు కాకుండా వెనుక చిన్న అక్షరాలు చదవండి. గీతలు తొలగిస్తుందని, పాత రంగుకు మెరుపు తెస్తుందని రాసి ఉంటే అందులో రాపిడి పదార్థం ఉన్నట్టే భావించి, దానిని తరచుగా వాడకండి.

ఇక కార్నౌబా విషయం. ఇది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. దాని కరిగే ఉష్ణోగ్రత 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్, సహజ మైనాలలో చాలా గట్టిది. కానీ డబ్బాలో వచ్చేది శుద్ధమైన కార్నౌబా కాదు. నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలిపి మెత్తబరచినది. ముదురు రంగు బానెట్ మే నెల మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాలిపోయే మన ప్రాంతంలో అది కొన్ని వారాలకు మించి నిలవదు. ముదురు రంగులకు అది ఇచ్చే లోతైన నిగనిగ మాత్రం మరే పదార్థమూ ఇవ్వదని నా నమ్మకం. పెళ్లికో పండుగకో ముందు వేసుకోవడానికి బాగుంటుంది. రోజూ సముద్రపు గాలిలో తిరిగే మీ కారుకు పాలిమర్లతో తయారైన సింథటిక్ సీలెంట్ మేలు. సరిగా వేస్తే నాలుగైదు నెలలు ఉంటుంది. రెండూ కావాలంటే ముందు సీలెంట్, అది ఆరి గట్టిపడిన మరునాడు పైన కార్నౌబా వేయాలి. ఈ క్రమం తారుమారైతే సీలెంట్ మైనం మీద అంటుకోక వృథా అవుతుంది.

సమాధానం (ఆమదాలవలస, టాక్సీ యజమాని):

పెద్దలు ఇంత వివరంగా చెప్పారు గాని, మా స్టాండులో చాలామంది పాత చీర ముక్కను డీజిల్‌లో ముంచి ఒకసారి తుడుస్తారు. బండి అద్దంలా మెరుస్తుంది, ఖర్చూ లేదు. దీనిలో తప్పేమిటో కూడా చెప్పండి.

నేను అడగదలచుకున్నది మరొకటి ఉంది. నా తెల్ల కారు ఎక్కువగా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దగ్గరే ఆగి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోని నారింజ రంగు చుక్కలు ఒళ్లంతా వచ్చాయి. లోపలి రేకు తుప్పు పడుతోందేమోనని భయంగా ఉంది.

సమాధానం (విజయనగరం, పెయింటింగ్ షెడ్డు):

డీజిల్ మెరుపు నూనె తడి వల్ల వచ్చే మెరుపు. సాయంత్రానికి రోడ్డు మీద దుమ్మంతా దానికే అంటుకుంటుంది, మరునాడు ఆ దుమ్మునే మళ్లీ గుడ్డతో రుద్దుతారు. పైగా తలుపుల రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవుతాయి, ఉన్న వ్యాక్స్ కూడా కరిగిపోతుంది. కిరోసిన్ సంగతీ అంతే.

మీ నారింజ చుక్కలు లోపలి తుప్పు కాదండీ, కంగారు పడకండి. రైలు చక్రాలు, పట్టాలు, బ్రేకులు రాసుకున్నప్పుడు రాలే సన్నని ఇనుప రజను వేడిగా వచ్చి రంగులో గుచ్చుకుని, తేమకు అక్కడే తుప్పు పడుతుంది. తెల్ల కార్ల మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది, ముదురు రంగుల మీద ఉన్నా కనిపించదు. దీనికి ఐరన్ రిమూవర్ అనే ద్రవం దొరుకుతుంది. కడిగిన కారు మీద నీడలో చల్లితే ఇనుము ఉన్నచోటల్లా ఊదా రంగులోకి మారి కిందికి కారుతుంది. వాసన భరించడం కష్టం, చేతులకు తొడుగులు వేసుకోండి, ఆరనివ్వకుండా వెంటనే నీళ్లతో కడిగేయండి.

సమాధానం (సోంపేట, గృహిణి):

మాస్టారు గారూ, మీ సగం కష్టానికి ఆ మామిడిచెట్టే కారణమని నాకనిపిస్తోంది. మా ఇంట్లోనూ ఇదే అనుభవం. పూత సమయంలో తేనెమంచు పురుగు చెట్టంతా పట్టి, అది వదిలే తీపి జిగురు సన్నని తుంపరగా కింద పడుతుంది. ఉదయం అద్దం మీద వేలు పెడితే బంకగా తగులుతుంది. రెండు రోజులు వదిలేస్తే దాని మీద దుమ్ము, ఆ తరువాత నల్లని మసి పేరుకుంటాయి. మేము గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను ఆ చోట కాసేపు పరిచి ఉంచి, జిగురు నానిన తరువాత రుద్దకుండా ఎత్తేస్తాము. పక్షుల రెట్టలకూ ఇదే పద్ధతి. రెట్టలోని యూరిక్ ఆమ్లం ఎండలో కాగిన రంగును తినేస్తుంది కాబట్టి వాటిని ఆదివారం కడుగుదాములే అని వదలకూడదు. వ్యాక్స్ ఉన్న కారు మీద ఇవి సులభంగా వస్తాయి, కానీ వ్యాక్స్ ఉంది కదా అని రెట్ట మచ్చ పడకుండా ఉండదు.

ఇంకొక మాట. ఆయుధపూజనాడు బానెట్ మీద నేరుగా పసుపు, కుంకుమ, గంధం పెడతాము. పసుపు మరక ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది గాని కుంకుమలోని రంగు లేత రంగు కార్ల మీద ఉండిపోతుంది. ముందురోజు వ్యాక్స్ వేసి, బొట్టును నంబరు ప్లేటు మీదో అద్దం మీదో పెట్టుకుంటే పూజకూ లోటుండదు, రంగుకూ లోటుండదు.

మళ్లీ ప్రశ్న (శ్రీకాకుళం, ఉపాధ్యాయుడు):

అందరికీ ధన్యవాదాలు. చెట్టును మార్చలేను గాని కారును పక్కింటి గోడ వైపు నిలపగలను. నాకు మూడు సందేహాలు మిగిలాయి. సిరామిక్ కోటింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. బోరు నీళ్లతో కడిగితే తెల్లని చుక్కలు మిగులుతున్నాయి. సీలెంట్‌ను ఇంట్లోనే వేసుకోవాలంటే ఎలా ప్రారంభించాలి?

సమాధానం (విజయనగరం, పెయింటింగ్ షెడ్డు):

మాస్టారూ, సిరామిక్ కోటింగ్ చెడ్డదని నేననను. సిలికా ఆధారమైన ఆ పూత సరిగా పడితే సంవత్సరం దాటి ఉంటుంది. అయితే దానిని వేసే ముందు రంగును పూర్తిగా పాలిష్ చేయాలి, లేకపోతే ఉన్న గీతలన్నీ దాని కిందే ఉండిపోతాయి. ప్రకటనల్లో 9హెచ్ అని గొప్పగా రాస్తారు. అది పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్షలోని కొలత, వజ్రాల గట్టిదనానికి సంబంధించినది కాదు, రాయి తగిలితే చిట్లుతుంది. పైగా మీలాగ ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వాడేవారికి ఆ పూత మీద కూడా సున్నపు చుక్కలు పడతాయి. వేల రూపాయలు పెట్టే ముందు ఒక సంవత్సరం సీలెంట్‌తో గడిపి చూడండి. సిరామిక్ కలిసిన స్ప్రే సీలెంట్లు టర్టిల్ వ్యాక్స్, మెగ్వయర్స్ వంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, కడిగిన తరువాత చల్లి తుడవడమే పని కనుక చేయి తిరగనివారికీ నప్పుతాయి. కొలినైట్ 845 అనే ద్రవ వ్యాక్స్ దొరికితే అదీ మంచిదే. కార్నౌబా, పాలిమర్ల మిశ్రమమైన దానిని మొదట విద్యుత్ లైన్ల ఇన్సులేటర్ల కోసం తయారు చేశారు.

ఆ తెల్లని చుక్కలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీడలో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తుడవండి. చివరి బకెట్టు మాత్రం మున్సిపాలిటీ నీళ్లు వాడండి. ఇప్పటికే ఉన్న చుక్కలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అద్ది, నిమిషం తరువాత కడిగితే చాలావరకు పోతాయి.

కడిగే పద్ధతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, మీ గీతలన్నీ అక్కడే పుట్టాయి. ఊక బూడిదలో అధికభాగం సిలికా, అంటే ఇసుకలోని పదార్థమే. సముద్రపు గాలిలోని ఉప్పు కూడా ఆరితే గరుకైన స్ఫటికాలవుతుంది. వీటిని పొడి గుడ్డతోనో ఈకల కుంచెతోనో దులిపితే ప్రతి దులుపుడుకూ గీతలు పడతాయి. బడి నుంచి వచ్చాక పొడిగా తుడిచే అలవాటుంటే ఈరోజే మానేయండి. ముందు పైపుతో ధారాళంగా నీళ్లు పోసి బూడిదను జార్చి, తరువాత కారు షాంపూతో పైనుంచి కిందికి కడగాలి. బట్టల సబ్బు పొడి వేసిన వ్యాక్స్‌ను కూడా తీసేస్తుంది. ఉప్పు వల్ల నిజంగా తుప్పు పట్టేది తలుపుల అడుగు అంచులు, చక్రాల గూళ్లు, కారు అడుగుభాగం. అక్కడికి వ్యాక్స్ చేరదు కాబట్టి నీటి ధార చేరాలి.

కడిగి ఆరిన తరువాత చేతికి పలుచని పాలిథీన్ కవరు తొడిగి బానెట్ మీద మెల్లగా రాయండి. వేళ్లకు తెలియని గరుకుదనం కవరులోంచి స్పష్టంగా తెలుస్తుంది. గరుకుగా ఉంటే, రంగులో గుచ్చుకున్న మురికిని లాగేసే క్లే బార్ అనే మెత్తని బంకమట్టి లాంటి ముద్దను షాంపూ నీళ్లతో తడి చేస్తూ, బరువు వేయకుండా తిప్పండి. ముద్ద కిందపడితే మళ్లీ వాడకండి. ఆ తరువాత పాలిష్, అదీ మీ బానెట్‌కు, పైకప్పుకు మాత్రమే. మిషన్ చేతికి అలవాటు లేకపోతే ఆ ఒక్క పనికి షెడ్డుకు వెళ్లండి, అంచుల దగ్గర రంగు త్వరగా తేలిపోతుంది. పాలిష్‌లోని నూనెలు మిగిలితే సీలెంట్ పట్టదు కాబట్టి, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు రెండు పాళ్లు నీళ్లు కలిపి తుడవండి.

రాళ్లు తగిలి రంగు లేచిన చోట్లకు టచప్ రంగు కూడా ఇప్పుడే వేయాలి, వ్యాక్స్ పడిన తరువాత రంగు అంటదు. సీలెంట్‌ను చల్లగా ఉన్న రేకు మీద రూపాయి బిళ్లంత తీసుకుని ఒక్కొక్క భాగానికి కనీకనిపించనంత పలుచగా పూయండి. ఎక్కువ పూస్తే ఎక్కువ కాలం ఉండదు, తుడవడానికి చేతులు పడిపోతాయి. తెల్లని మసకలా ఆరాక వేలితో ఒక గీత గీయండి, గీత శుభ్రంగా వస్తే తుడవవచ్చు, వేలికి జిడ్డుగా సాగితే ఇంకా ఆగాలి. మన తీరంలో గాలి తేమగా ఉంటుంది కనుక డబ్బా మీద రాసిన సమయం కంటే ఆలస్యమవుతుంది. నల్లని ప్లాస్టిక్ భాగాలకు ముందే టేపు అంటించండి, అక్కడ తెల్లమరక పడితే వదలదు.

మీ వెనుక బంపరు సంగతి వేరు. షెడ్డులో వేసిన రంగులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి వారాలు పడుతుంది, పైన వ్యాక్స్ గాని సీలెంట్ గాని మూతలా పడితే రంగు సరిగా గట్టిపడదు. బేకింగ్ బూత్‌లో, అంటే రంగును వేడితో ఆరబెట్టే గదిలో, ఆరబెట్టారో లేదో వేసినవారిని అడగండి. మామూలుగా గాలికి ఆరినదైతే రంగు వేసిన రోజు నుంచి మూడు నెలలు ఆ భాగాన్ని నీళ్లతో, షాంపూతో మాత్రమే కడుగుతూ ఉండండి; మిగతా కారంతటికీ సీలెంట్ ఇప్పుడే వేసుకోవచ్చు.